రాయిలో అలల హోరు

చమురు బావిలోంచి తీసిన రాతి కడ్డీలు గది నిండా పెట్టెల్లో ఉన్నాయి. కోట్ల ఏళ్ల కిందట అవన్నీ సముద్రపు అడుగున పేరుకున్న మట్టి పొరలు. వాటిని పరీక్షించే భూగర్భ శాస్త్రవేత్త ఆ రాత్రి ఒక్కతే ఉంది. ఇసుకో బంకమన్నో తేల్చుకోవడానికి ఓ రాతిపొడిని పంటికింద వేసుకుంది. ఉప్పగా తగిలింది.

ఇంటినుంచి తమ్ముడు ఫోన్ చేశాడు.

“ఏంటక్కా, ఇంకా రాళ్లు నాకుతున్నావా? అమ్మ తినకుండా కూర్చుంది.”

“వచ్చేస్తాన్రా, ఇంకొక్క పెట్టె.”

“పెట్టా? అలల హోరు వినిపిస్తుంటే! సముద్రం దగ్గర ఏం చేస్తున్నావ్?”

సముద్రం అక్కడికి ఒక రోజు ప్రయాణం. గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. హోరు ఎక్కడిదో తేల్చుకోవాలని ఆమె ఫోన్ స్పీకర్ పెట్టి ఒక్కో పెట్టె మీదా ఉంచుతూ పోయింది.

“ఇక్కడ?”

“తగ్గింది.”

“ఇక్కడ?”

“అబ్బ, చెవులు గింగిర్లెత్తుతున్నాయి!”

అది అన్నిటికన్నా లోతునుంచి తీసిన రాయి. ఆమె ఫోన్‌ను దానికి ఆనించి పట్టుకుంది. తమ్ముడు గొంతు తగ్గించాడు.

“హోరు ఆగిందక్కా. ఎవరో నీళ్లలోంచి నడిచొస్తున్న చప్పుడు. ఒడ్డెక్కేశారు. నీ వెనక ఎవరున్నారు?”

ఆ సముద్రం ఉన్న కాలానికి భూమ్మీద మనిషనేవాడే పుట్టలేదని ఆమెకు తెలుసు. అందుకే పారిపోకుండా, వచ్చింది ఏమిటో చూడాలని, మెల్లగా వెనక్కి తిరిగింది.