నేలతాత ఒప్పుకోని కన్నం

"మళ్ళీ వద్దంటున్నాడ్రా త్యన్‌ఫూ!" అన్నాడు గుడి చూసుకునే ఆషుయ్ పెదనాన్న, నేలమీద బోర్లా పడ్డ చంద్రవంక చెక్కల జతను చూసి.

అడిగి విసిరితే రెండు చెక్కలూ గుండ్రటి వీపు చూపిస్తే గుళ్ళో దేవుడు నేలతాత వద్దన్నట్టు. ఒకటి చదును పొట్ట, ఒకటి వీపు అయితే సరేనన్నట్టు, వరసగా మూడుసార్లు అలా పడితే ఇక ఖాయమన్నట్టు. రెండూ పొట్టలే అయితే నవ్వుతున్నట్టు.

త్యన్‌ఫూకి ఏడుపొక్కటే తక్కువ. రేపు నేలతాత పుట్టినరోజు. సాయంత్రం గుడి ముందు వేదికెక్కి గిటారు వాయించేది అతనే. ఎర్రగుడ్డ మీద పేరు కూడా రాసి కట్టేశారు. యాభై ఏళ్ళొచ్చినా తీరని కోరిక అది. అందుకే తన స్కూటర్ల షెడ్డులో ఇన్నాళ్ళూ రోజూ వాయించిన అరువు గిటారు తిరిగిచ్చేసి, అక్కడే సొంతంగా ఎలక్ట్రిక్ గిటారు తయారుచేసుకున్నాడు. చెక్క మాత్రం నేలతాతదే, గుడిలో తీసేసిన పాత నైవేద్యాల బల్ల. దేవుడి సొత్తు గనక ప్రతి కోతకీ వచ్చి అడగాల్సిందేనని పెదనాన్న పట్టుబట్టాడు. గుడికీ షెడ్డుకీ మధ్య గోడ ఒక్కటే కాబట్టి అదేమంత కష్టం కాలేదు.

నడుం ఒంపు కోయనా అంటే తాత సరేనన్నాడు. మెడ బిగించే గాడి తవ్వనా అన్నా సరేనన్నాడు. ఇక మిగిలింది ఒకే ఒక్క కన్నం, స్పీకరు తీగ గుచ్చే జాక్ కోసం. అది లేకపోతే గిటారు వట్టి పీట.

"పక్కన వద్దా? పోనీ ముందువైపు పెట్టనా తాతా?"

చెక్కలు విసిరాడు. రెండూ వీపులే.

"వెనకవైపు?"

వీపులే.

త్యన్‌ఫూ వేరుశనగ చిక్కీ పళ్ళేన్ని విగ్రహం ముందుకి జరిపాడు. "బొటనవేలంత కిందకి?"

"లంచాలు కూడానా!" అంది అతని భార్య బియూన్.

"నువ్వూరుకోవే! తాత ఆలోచించుకుంటున్నాడు."

తాత ఆలోచించుకుని మళ్ళీ వద్దన్నాడు.

ఈలోగా వీధి వీధంతా గుడిలోకొచ్చేసింది. నూడుల్సు అంగడామె పొయ్యి మీద కుండ వదిలేసి మరీ వచ్చింది. తాత వద్దన్నప్పుడల్లా అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. ఎంత భక్తి, అనుకున్నాడు త్యన్‌ఫూ.

"పోనీ, అసలు కన్నమే పెట్టొద్దంటావా?"

ఒక పొట్ట, ఒక వీపు. మళ్ళీ విసిరాడు, అదే. ఇంకోసారి, అదే. జనం చేతులు జోడించేశారు.

"కన్నం లేకపోతే మోగదు తాతా! నీ బల్ల మీద అంత మమకారమైతే వేరే చెక్కతో చేసుకోనా?"

వీపులే.

"మరెందుకు వద్దంటావో చెప్పు!"

"అవునో కాదో అనేట్టు అడగరా. ఎందుకూ అనడిగితే చెక్కలేం చెబుతాయి, నా మొహం!" అన్నాడు పెదనాన్న.

"రేపు మంచిరోజు కాదా? వచ్చే ఏడు వాయించనా?"

రెండు చెక్కలూ వెల్లకిలా పడ్డాయి. తాత నవ్వుతున్నాడు.

త్యన్‌ఫూ తల పట్టుకుని కూలబడ్డాడు. మొగుడి అవస్థ చూడలేక బియూన్ చెక్కలు అందుకుంది. కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి, విసిరింది.

సరే. మళ్ళీ సరే. మూడోసారీ సరే.

త్యన్‌ఫూ ఎగిరి లేచాడు. "ఏమడిగావే? కన్నం ఎక్కడ పెట్టమన్నాడు?"

"కన్నం సంగతి నేనడగలేదు," అంది బియూన్ చెక్కలు ఏరుకుంటూ. "తాతా, మా ఆయన రోజూ వాయించింది గోడవతల నీక్కూడా వినపడేదా, అనడిగానంతే."