మునిశామప్ప తట్టు

గని వర్క్‌షాపులో ఆ రాత్రి బచ్చప్ప ఒక్కడే ఉన్నాడు. తన ముందున్న కప్లింగ్, ఇరుసుకు తొడిగే ఇనుప బిగింపు, తెల్లారేసరికి మనుషుల్ని గనిలోకి దించే కేజ్‌కు చేరాలి. దాని గాడి సరిగ్గా నడిమధ్య ఉండాలి. పక్క అంచును ఆనించి కొలిస్తే, గాడి ఒకవైపుకు జరిగినట్టు చూపించింది డయల్ ముల్లు. అరగదీద్దామని ఆకురాయి అందుకున్నాడు.

చీకట్లోంచి ఎవరో బల్లమీద ఒక్కసారి తట్టారు.

బచ్చప్ప చేతిలో ఆకురాయి ఆగిపోయింది. పని తప్పయితే ఒక తట్టు, సరయితే రెండు. అది మేస్త్రీ మునిశామప్ప అలవాటు. ఆయన పోయి ఏడాదయింది.

మళ్లీ అలాగే కొలిచాడు. మళ్లీ ఒకటే తట్టు.

"యాడప్పా తప్పు?" చీకటికేసి అడిగాడు బచ్చప్ప. చూపు కప్లింగ్ నడుమనున్న రంధ్రం మీద పడింది. ఇరుసు దూరేది అందులోనే కదా, పక్క అంచుతో దానికేం పని? రంధ్రంలో కడ్డీ దూర్చి, దాన్ని ఆధారం చేసుకుని కొలిచాడు. తిప్పి మళ్లీ కొలిచాడు. ముల్లు కదల్లేదు. గాడి నడిమధ్యే ఉంది! ఇంకాస్తయితే బంగారంలాంటి పనిని తనే పాడుచేసుండేవాడు.

ఊపిరి బిగబట్టాడు.

రెండు తట్లు.

"ఉండావా అప్పా!" అంటూ పకపకా నవ్వేశాడు బచ్చప్ప. అంతలో మూడోది వినిపించింది. మేస్త్రీ బతికున్నప్పుడు మూడో తట్టంటే టీ కోసం.

ఫ్లాస్కు వంచి రెండు గ్లాసులు నింపి, ఒకటి చీకట్లోకి జరిపాడు.

"కాలతా ఉండాది, మెల్లిగా తాగప్పా."

అటువైపు ఎవరో ఉఫ్‌మని ఊదుకున్నారు.