నలభై ఎనిమిది శాతం

"నలభై ఎనిమిది!" అన్నాడు ఓల్టేజీ, వ్యాను వెనక తలుపులోంచి తల బయటికి పెట్టి. "సగానికి రెండు శాతం తక్కువ. ఈసారికీ ప్రయాణం లేనట్టే."

లిఫ్టులు బాగుచేసే ఆ పెద్దమనిషిని వీధి వీధంతా ఓల్టేజీ అనే పిలుస్తుంది. ఆయన భార్య, కర్టెన్లు కుట్టే ఆవిడ, చేతిలోని సూట్‌కేసును దబ్బున నేలమీద పడేసింది. నాలుగేళ్లలో దాన్ని సర్దడం ఇది ఆరోసారి. విప్పడమూ ఆరోసారే.

వ్యాను అంటే మామూలు వ్యాను కాదు, చక్రాల మీద ఇల్లు. మంచం, పొయ్యి, బుల్లి ఫ్రిజ్, ఫ్యాను అన్నీ ఉన్నాయి. అమ్మినాయన స్వయంగా నడుపుకొచ్చి పెరట్లో నిలిపి వెళ్లిన రోజే ఓల్టేజీ ఒక షరతు పెట్టాడు. ఇంటి కరెంటు తగలకుండా మూడు రోజులు వ్యాన్లోనే కాపురం చెయ్యాలి. నాలుగో రోజు పొద్దున లోపలి బ్యాటరీ సగానికి పైన ఉంటేనే బండి కదులుతుంది.

"దారి మధ్యలో చీకట్లో కూర్చుంటామా ఏంటి?" అన్నాడు.

ఆమెకూ సబబుగానే తోచింది. పెళ్లయిన కొత్తలో ఆయన చెప్పిన లారీ కబుర్లు ఆమెకింకా గుర్తే. కొండ మలుపుల్లో ఒంటిచేత్తో స్టీరింగు తిప్పిన మనిషి ఆయన. అంతటి అనుభవం ఉన్నవాడికి ఆమాత్రం జాగ్రత్త ఉంటుంది మరి.

ఆమె కోరిక ఒక్కటే, సముద్రం చూడాలి. యాభై రెండేళ్లొచ్చాయి. ఇంతవరకూ సముద్రాన్ని కర్టెన్ల మీద అచ్చులోనే చూసింది.

"పది రోజులు సెలవిచ్చారండీ. మూడు రోజులు మీ పరీక్షకే పోయాయి. మళ్లీ సెలవంటే షాపులో నన్ను చంపేస్తారు."

"ఏం చేస్తామోయ్, ఆంపియర్లు లేవు," అని ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్లిపోయాడు.

ఆ ఈల వినేసరికి ఆమెకు ఒళ్లు మండింది. బ్యాటరీల షాపులో పనిచేసే తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు మధ్యాహ్నానికల్లా ఇంకో బ్యాటరీ మోసుకొచ్చాడు.

"పాతదీ ఇదీ ఒకే రకం అక్కా. రెండూ కలిపేస్తే రెట్టింపు కాలం వస్తుంది. కానీ కారే కుండలో ఎంత పోస్తే ఏం లాభం? ఈ ఇన్వర్టర్ చూడు, ఏమీ వాడకపోయినా ఆన్‌లో ఉంటే తింటూనే ఉంటుంది." వాడు వ్యాన్లోని అల్మరా తెరిచి నోరు వెళ్లబెట్టాడు. "కెటిల్, ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్... బావా, నీ నెత్తిన పట్టుమని నాలుగు వెంట్రుకలు లేవు కదా!"

"సాక్సులు ఆరబెట్టుకోడానికిరా."

"ఇస్త్రీపెట్టె?"

"సముద్రం దగ్గరికి నలిగిన చొక్కాతో వెళ్తామా?"

"సర్లే, బిగించేశాను. పద, ఒక రౌండు కొట్టొద్దాం."

"డీజిల్ దండగ," అని ఓల్టేజీ వాడికి స్క్రూడ్రైవరు ఇచ్చి పంపేశాడు.

రెండు బ్యాటరీలనూ ఇంటి కరెంటుతో నిండా చార్జి చేశాక, ఆ సాయంత్రమే ఏడో పరీక్ష మొదలైంది. ఈసారి ఆమె కొంగు బిగించింది. అల్మరాలోని సామానంతా ఇంట్లో పెట్టి తాళం వేసింది. ఇన్వర్టర్ ఆపేసింది. పాత బల్బులు పీకి చిన్న ఎల్ఈడీలు పెట్టింది. కిటికీలకు వెండిరంగు అస్తరు వేసిన కర్టెన్లు కుట్టి తగిలించింది. దాంతో లోపల వేడెక్కడం మానింది, ఫ్యాను అవసరం సగానికి తగ్గింది. ఫ్రిజ్ తలుపుకు తాడు కట్టి, రోజుకు రెండుసార్లే విప్పింది.

రెండో రోజు ఆయన దుప్పటి కింద ఏదో బుర్రుమంది. లాగి చూస్తే నడుముకు మసాజ్ చేసే దిండు.

"నడుము నొప్పోయ్! అన్ని గంటలు కూర్చుని నడపాలా వద్దా?"

"నడిపాక నొప్పొస్తే అప్పుడు చూద్దాం," అని దాన్నీ లాక్కుంది.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం మూడు లైట్లూ వేసుకుని పేపరు చదువుతూ దొరికిపోయాడు. ఈయన సుఖం మరిగాడు, అదీ జబ్బు అనుకుంది ఆమె.

నాలుగో రోజు పొద్దున ఓల్టేజీ మీటరు ముందు చాలాసేపు నిలబడ్డాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మీటరును వేలితో కొట్టాడు.

"ఇది తప్పు చూపిస్తోందనుకుంటా."

ఆమె ఆయన్ని పక్కకు తోసి చూసింది. డెబ్బై ఒకటి! చిన్నపిల్లలా కేకేసింది. ఇంకా నాలుగు రోజుల సెలవుంది, వెళ్లి రావడానికి చాలు.

"మూడో బ్యాటరీ కూడా ఉంటే..." అని నసిగాడు ఆయన.

"ఎక్కండి!"

"టైర్లలో గాలి..."

"నేనే పంపుతో కొట్టాను బావా," అన్నాడు గేటు దగ్గర నిలబడ్డ తమ్ముడు. "డీజిల్ డబ్బాతో తెచ్చి పోశాను. ఇంజనుకు కొత్త బ్యాటరీ వేసి స్టార్ట్ చేసి చూశాను కూడా. పిల్లిలా గుర్రుమంటోంది."

ఓల్టేజీ ఆకాశం వైపు ఆశగా చూశాడు. ఒక్క మబ్బు తునకైనా లేదు.

ఆమె ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. "ఏమండీ, ఇన్నాళ్లకి నన్ను సముద్రం దగ్గరికి తీసుకెళ్తున్నారు. మీ మీద విసుక్కున్నాను, ఏమీ అనుకోకండి."

తమ్ముడు గేటు బార్లా తెరిచాడు. "లాగించు బావా!"

ఓల్టేజీ చెమట తుడుచుకున్నాడు. అద్దం సరిచేశాడు. వంగి కాళ్ల దగ్గర చూశాడు. మళ్లీ చూశాడు. తర్వాత బామ్మర్దికి వినబడకుండా ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"ఏమోయ్, ఈ మూడింట్లో బ్రేకు ఏది?"