చేతుల్లేని అమ్మాయిలు

"ఈ పిల్లలకి చేతులేవమ్మా?"

ఒళ్ళో ఆల్బమ్ పెట్టుకుని పేజీలు తిప్పుకుంటున్న ఫొటోగ్రాఫర్ తలెత్తి చూసింది.

అడిగింది పక్క కుర్చీలో ఆవిడ. యాభై దాటి ఉంటాయి. నెరిసిన జుట్టు, వదులు చొక్కా, మడమ అరిగిన చెప్పులు.

ఆ ఫ్యాషన్ పత్రిక ఆఫీసు ముందు గది నిండా మోడలింగ్ కోసం వచ్చిన అమ్మాయిలు, వాళ్ళకి తోడొచ్చిన అమ్మలూ పిన్నులూ ఉన్నారు. ఈవిడా ఎవరి అమ్మో అయ్యుంటుందనుకుంది ఫొటోగ్రాఫర్. ఇందాకే ఒక అమ్మాయితో "మంచినీళ్ళు తాగమ్మా, పెదాలు ఎండిపోతున్నాయి" అని చెప్పింది కూడా.

"చేతులు లేకపోవడమేంటండీ? ఉన్నాయిగా."

"ఎక్కడ? దీంట్లో భుజం దగ్గరే కోసేశావు. దీంట్లో వీపు వెనక్కి పోయాయి. ఇదిగో, ఈ పిల్లవి జుట్టులో దూర్చేశావు."

ఫొటోగ్రాఫర్‌కి ఒళ్ళు మండింది. అసలే ఈ పత్రిక ముఖచిత్రం తీసే పని కోసం ఇంతకుముందు రెండుసార్లు వచ్చి, "చూసి చెబుతాం" అనిపించుకుని వెళ్ళింది. వాళ్ళు చూడనూ లేదు, చెప్పనూ లేదు. ఈసారీ కాకపోతే అన్నయ్య స్టూడియోలో కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలు తీస్తానని ఇంట్లో మాటిచ్చి మరీ వచ్చింది. గడ్డం కొంచెం పైకి, కళ్ళు మూయకండి, తర్వాతెవరండీ. ఇక జీవితాంతం అదే.

పోనీ తప్పెక్కడుందో ఎవరైనా చెప్పారా అంటే అదీ లేదు. స్నేహితులు సూపర్ అన్నారు. అన్నయ్య బాగున్నాయన్నాడు. వదిన ఒక్కతే "అందరూ ఒక్క అమ్మాయిలానే ఉన్నారేంటే" అని, వెంటనే నాలిక్కరుచుకుంది.

ఇప్పుడు ముక్కూ మొహం తెలియనావిడ చేతులేవని నిలదీస్తోంది. కోపంతోనే పేజీలు మళ్ళీ మొదటి నుంచీ తిప్పి చూసుకుంది.

నిజమే. లేవు.

"చేతులు సరిగ్గా పెట్టరండీ," అంది చిన్నగా. "కెమెరా ఎత్తగానే కట్టెల్లా బిగుసుకుపోతాయి. అందుకే కట్ చేస్తాను."

"ఎందుకు బిగుసుకుంటాయి?"

"భయం."

"మరి భయం పోగొట్టాలి గానీ చేతులు నరికేస్తే ఎలా? మొహానికి రంగేస్తే భయం కనబడదు. పాపం, చేతులకి నటించడం రాదు."

మాట కటువుగానే ఉంది. గొంతులో మాత్రం వెక్కిరింపు లేదు.

"వెలుగు నువ్వు చెప్పినట్టు వింటుంది. ఈ చెంప మీద చూడు, ఎంత బాగా పట్టావో. ఇది చాలామందికి జన్మలో రాదు. ఇంత తెలిసినదానివి ఇలా చేశావేంటని నా బాధ."

ఆవిడ ఆల్బమ్ అందుకుని, చివరి అట్టకున్న అర తెరిచింది.

"ఇవేంటి?"

"పనికిరావని పక్కన పెట్టినవి."

అందులోంచి ఆవిడ ఒకటి బయటికి లాగింది. మెరుపుల గౌను మోకాళ్ళ దాకా ఎగదోసుకుని, ఎత్తు మడమల చెప్పులు విప్పేసి, మెట్టు మీద కూర్చున్న అమ్మాయి. రెండు చేతులతో పాదం నొక్కుకుంటూ పడీపడీ నవ్వుతోంది.

"దీనికేం రోగం?"

"అది పోజు కాదండీ. మేకప్పూ చెదిరింది. దాంట్లో గ్లామరేముంది?"

"దీన్ని చూస్తే ఆ పిల్ల పక్కన వెళ్ళి కూర్చోవాలనిపిస్తోంది. మిగతా వాళ్ళని చూస్తే దణ్ణం పెట్టి పక్కకి తప్పుకోవాలనిపిస్తోంది. గ్లామరంటే ఏంటనుకుంటున్నావు మరి?"

ఫొటోగ్రాఫర్ ఆ ఫొటో అందుకుని మళ్ళీ చూసింది.

"దీన్ని మొదటి పేజీలో పెట్టు. ఒకే రకానివి ఎన్నున్నాయో అన్నీ తీసెయ్. లేకపోతే మంచివి కూడా గుంపులో గోవిందా అయిపోతాయి."

ఇద్దరూ కలిసి తీసేశారు. కష్టపడి తీసుకున్నవి ఒక్కొక్కటే పోతుంటే ప్రాణం ఉసూరుమంది. ఆల్బమ్ సగానికి సగం చిక్కిపోయింది.

లోపల్నుంచి పిలుపొచ్చింది.

"వెళ్ళు," అందావిడ. "ఏమడిగినా నిజం చెప్పు, చాలు."

రెండుసార్లూ ఆల్బమ్‌ని విసనకర్రలా తిప్పి పక్కన పడేసిన ఎడిటర్, ఈసారి మొదటి పేజీ దగ్గరే ఆగిపోయింది.

"ఈ అమ్మాయి ఎందుకంత నవ్వుతోంది?"

"వెనక్కి నడుస్తూ లైటు స్టాండు తట్టుకుని పడ్డాను మేడమ్. పడుతూనే కెమెరా బటన్ నొక్కాను."

ఎడిటర్‌కి నవ్వాగలేదు. కళ్ళు తుడుచుకుని మిగతా పేజీలన్నీ నిదానంగా చూసింది.

"వీటిల్లో చేతులు కనబడవేం?"

"వాళ్ళ భయం ఎలా పోగొట్టాలో తెలియక కోసేశాను మేడమ్. ఇక కోయను."

ఎడిటర్ ఆల్బమ్ మూసింది.

"ముఖచిత్రం నువ్వే తియ్యి. ఇలాంటిదే కావాలి. మళ్ళీ పడాల్సొచ్చినా సరే."

ఫొటోగ్రాఫర్ బయటికొచ్చింది. కాళ్ళు నేల మీద ఆనడం లేదు. అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నీ స్టూడియోకి ఇంకెవరినైనా చూసుకో."

అటునుంచి అన్నయ్య గొంతు కంటే ముందు వదిన వేసిన ఈల వినబడింది.

ఆ సంతోషం ముందుగా చెప్పాల్సింది ఆవిడకే. తీరా చూస్తే పక్క కుర్చీ ఖాళీగా ఉంది. రిసెప్షనిస్టు దగ్గరికి పరుగెత్తింది.

"ఇక్కడ కూర్చున్నావిడ ఏరండీ? వాళ్ళమ్మాయిని లోపలికి పిలిచారా?"

"వాళ్ళమ్మాయా? ఆవిడ వెంట ఎవరూ రాలేదే. ఇందాకే వెళ్ళిపోయారు."

"అయ్యో, పేరైనా అడగలేదు. ఇంతకీ ఏ పని మీద వచ్చారు?"

"మీరొచ్చిన పని మీదే," అంది రిసెప్షనిస్టు. "మీ తర్వాత పిలవాల్సిన ఫొటోగ్రాఫర్ ఆవిడే, కానీ 'ముఖచిత్రం లోపలికెళ్ళిన ఆ పిల్లదే, ఇక నన్ను పిలిచి మీ టైమెందుకు దండగ చేసుకుంటారు' అని తన ఆల్బమ్ తెరవకుండానే వెళ్ళిపోయారు."