ఇంకో రెండొందల అడుగులు

కొండ మీద పొగ కనిపించగానే గుంజన్ చేతిలోని రాగిరొట్టె అక్కడే పడేసి పరుగెత్తింది.

వెనకే లలిత్, భువన్. ముగ్గురూ డిగ్రీ రెండో సంవత్సరం. ఊళ్ళో పెద్దవాళ్ళు నవ్వుతూ వీళ్ళకు పెట్టిన పేరు 'అడవి పోలీసులు'.

నవ్వితే నవ్వనీ అనుకునేది గుంజన్. ఆ శీతాకాలం కుమావూ కొండల మీద చిటికెడు మంచు పడలేదు. చైత్రంలో పూయాల్సిన బురాంశ్ పువ్వు పుష్యంలోనే ఎర్రగా పూసి కూర్చుంది. జిల్లా యువజన సభలో మైకు పట్టుకుని, "అడవినేమో మీరు తిన్నారు, ఎండనేమో మాకు మిగిల్చారు" అని పెద్దల్ని దులిపేసి వచ్చిన పిల్ల ఆమె.

ఊరికి మిగిలింది శిఖరానికి ఇవతలున్న ఒక్క బాంజ్ చెట్ల అడవి. దాని వేళ్ళ కింద ఊట ఉంది. ఊరంతా తాగేది ఆ నీళ్ళే.

శిఖరానికి అవతల, కింద లోయంతా పైన్ చెట్లు. వాటి ఎండాకు అంటుకుంటే ఇక చెప్పక్కర్లేదు. కొత్త గడ్డి మొలుస్తుందని ఆ ఎండాకు తగలబెట్టే పశువుల కాపర్లు ఏటా ఉంటారు. ఈ ఏడు ఒక్కణ్ణయినా పట్టుకుని తీరాలని గుంజన్ పంతం.

శిఖరం మీద దొరికాడు.

అరవై దాటిన మనిషి. అతుకుల కోటు. ఒక చేతిలో అగ్గిపెట్టె, ఇంకో చేతిలో పచ్చికొమ్మ. ఎండాకుకు నిప్పు పెట్టడం, కాలగానే కొమ్మతో కొట్టి ఆర్పడం, నాలుగడుగులు జరగడం.

"ఏయ్! ఎవరు నువ్వు?"

"కుశాల్ రామ్. కొండకి అవతలి ఊరు."

"నీ గొడ్ల గడ్డి కోసం మా అడవి తగలబెడతావా?"

"నాకు గొడ్లు లేవు తల్లీ."

"మరి నిప్పెందుకు?"

"పెద్ద నిప్పు రాకుండా."

లలిత్ పగలబడి నవ్వాడు. "విన్నారా? నిప్పు పెట్టి నిప్పుని ఆపుతాడంట! రేపు నీళ్ళు పోసి వాన ఆపుతావేమో తాతా!"

భువన్ అప్పటికే ఫోనులో వీడియో తీస్తున్నాడు.

ముసలాయన ఫోను వంక చూడలేదు. "మీరు మంచి పిల్లలు. అడవి కోసం ఇంత ఎత్తు ఎవరు పరుగెత్తుకొస్తారు? ఇంకో రెండొందల అడుగులే ఉంది. అది కానిచ్చి నేనే వస్తా మీ వెంట."

"కానిస్తాడంట, కానిస్తాడు! ఎంత ధైర్యం!" గుంజన్ అగ్గిపెట్టె లాక్కుంది.

ఫారెస్టు గార్డు వచ్చాడు. ఆ నెలే బదిలీ మీద వచ్చిన కుర్రాడు. ముసలాయన్ని రేంజి ఆఫీసుకు తీసుకెళ్ళి, ఇక ఆ అడవిలో అడుగుపెట్టనని కాగితం మీద వేలిముద్ర వేయించుకుని వదిలేశాడు.

వీడియో లక్షమంది చూశారు. అడవిని కాల్చేవాణ్ణి అందులోనే పడేసి కాల్చాలని కొందరు రాశారు. ఇంకొందరు రాసినవి చెప్పుకోలేం. ఊళ్ళో గుంజన్ మెడలో దండ పడింది. నవ్విన పెద్దలే భుజం తట్టారు.

జ్యేష్ఠంలో ఒక పొద్దున లోయ అడుగున ఎక్కడో నిప్పు లేచింది. పైన్ చెట్లను పట్టుకుని పైపైకి వచ్చింది. ఊరు ఊరంతా పచ్చికొమ్మలు పట్టుకుని ఎదురెళ్ళింది. గుంజన్ అరచేతులు బొబ్బలెక్కాయి.

మూడో రోజుకి బాంజ్ అడవి లేదు. పదిహేను రోజుల్లో ఊట సన్నబడి, బొట్లుబొట్లుగా మారి, ఆగిపోయింది.

గుంజన్ ఒక్కతే శిఖరం ఎక్కి చూసింది. ఫాల్గుణంలో ముసలాయన కాల్చిన మేర, శిఖరం పొడుగునా నేల బోసిగా ఉంది. నిప్పు అక్కడిదాకా వచ్చి, తినడానికేమీ దొరక్క చచ్చిపోయింది. ఒక్కచోట మాత్రం దాటింది. అతన్ని కాల్చనివ్వని చోట.

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. అది ఎన్నడుగులుందో కొలవడానికి ధైర్యం చాలలేదు.

సిగ్గు మింగుడుపడనప్పుడు కోపం తేలిగ్గా వస్తుంది. మర్నాడు రేంజి ఆఫీసుకు వెళ్ళి గుమాస్తా బల్ల మీద చరిచింది.

"మా అడవికి ఫైర్ వాచర్ని ఎందుకు వేయలేదు? ఒక్క మనిషుంటే ఏది కాల్చడమో, ఏది కాపాడ్డమో మాకు చెప్పేవాడు కదా!"

గుమాస్తా పాతకాలం మనిషి. తొందరపడలేదు.

"ఉండేవాడమ్మా. పదకొండేళ్ళ కిందట ఆ పోస్టు తీసేశారు."

"మరి ఈ పదకొండేళ్ళూ అడవి కాలలేదేం?"

గుమాస్తా తలుపు పక్కన బెంచీ వైపు చూశాడు.

"నిప్పు లేచిన రోజు ఒకాయన వచ్చి అక్కడ కూర్చున్నాడు. నేను సెలవులో ఉన్న రోజు తన చేత వేలిముద్ర వేయించుకున్న కాగితం చింపేయమన్నాడు. మాటిచ్చాను కాబట్టి అది చింపితేగానీ అడవిలోకి పోలేనన్నాడు. చింపడానికి నేనెవర్ని? రేంజరుగారు క్యాంపులో ఉన్నారు. సాయంత్రం దాకా కూర్చుని, పొగ వంక చూసుకుంటూ వెళ్ళిపోయాడు."

గుంజన్ బల్ల మీది చెయ్యి తీసేసుకుంది. "ఆయన ఇల్లెక్కడో చెప్పండి. కాళ్ళ మీద పడతాను" అంది.

"చెబుతాలే. కానీ మళ్ళీ రమ్మని మాత్రం అడక్కు. కాయడానికి ఇంకేం మిగిలింది అక్కడ?"

తీసేసిన ఆ పోస్టు కుశాల్ రామ్‌దేనని, జీతం ఆగిపోయాక కూడా ఒక్క ఫాల్గుణం తప్పకుండా కొండెక్కి వచ్చి ఎండాకు కాల్చి వెళ్తున్నది ఆయనేనని గుమాస్తా అప్పుడు చెప్పాడు.