దెబ్బ ఎవరికి?

"తలకేం కాలేదు కదా? తలకి?" బ్రైడీ, నర్సు చెయ్యి పట్టుకుని వదలడం లేదు. మిల్డూరా శివార్లలో కమలాపళ్ళ షెడ్డులో పని మధ్యలో వదిలేసి, ఏప్రాన్‌తోనే ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చింది.

"హెల్మెట్ కాపాడింది. కానీ బైకు మీద వెళ్ళేవాళ్ళకి ముందు పోయేవి కాళ్ళే. మోకాలి కింద రెండుచోట్ల విరిగింది, తుంటి ఎముక చిట్లింది. లోపల రక్తం పోతోంది. ఆపరేషన్ జరుగుతోంది."

బ్రైడీ బెంచీ మీద కూలబడింది. పక్కనే ఆమె అత్త నొరీన్ కొయ్యబారిపోయి కూర్చుంది. కొడుకు కాలన్‌ని తెచ్చిన అంబులెన్సులోనే వచ్చిందావిడ. అప్పట్నించీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆపరేషన్ గది తలుపు కదిలితే చాలు, ఊపిరి బిగబట్టేస్తోంది. వాడు బైకు కొన్నరోజు, "కార్లవాళ్ళు నిన్ను చూడరురా!" అని పోట్లాడింది తనే.

"అత్తయ్యా, ఆ కారెవరిది?"

నొరీన్ మొహం తిప్పుకుంది. నర్సే అందుకుంది. "అవన్నీ పోలీసులు చెబుతారు."

"చూసుకోకుండా మలుపు తిప్పేశారటగా! కళ్ళు నెత్తికెక్కాయా? వాళ్ళకేం కాలేదా?"

"బెల్టు పెట్టుకున్నారు. అలాంటప్పుడు ఛాతీ కమిలిపోతుంది, మెడ పట్టేస్తుంది. ఎముకలేం విరగలేదు."

"అంతేనా! నా మొగుడి కాలు విరగ్గొట్టి, వాళ్ళు హాయిగా ఇంటికి పోతారన్నమాట!"

"తగలాల్సినంత తగల్లేదు," నొరీన్ గొణిగింది.

"బాగా అన్నారు!" బ్రైడీ ఆవిణ్ణి గట్టిగా వాటేసుకుంది. నొరీన్ సన్నగా మూలిగింది.

"మీరు కాసేపు పడుకోవాలమ్మా," అంది నర్సు.

"వాడు కళ్ళు తెరిచేదాకా ఇక్కణ్ణించి కదలను."

పొద్దు వాలుతుండగా డాక్టరు బయటికొచ్చాడు. గండం గడిచిందన్నాడు. కాలు నిలుస్తుందట, నడవడానికి మాత్రం నెలలు పడుతుందట. బ్రైడీ భోరుమంది. నొరీన్ గోడ పట్టుకుని మెల్లగా లేచింది.

లోపలికి వెళ్ళేసరికి కాలన్ మగతలో ఉన్నాడు. కాసేపటికి కళ్ళు విప్పాడు. బ్రైడీ అతని నుదుటి మీద ముద్దుపెట్టి, ఆపుకోలేక అడిగేసింది. "గుద్దినవాళ్ళ మొహం చూశావా? చెప్పు, కోర్టుకీడుస్తాను!"

కాలన్ చూపు భార్యని దాటిపోయింది. మంచం చివర తలొంచుకు నిలబడ్డ తల్లి దగ్గర ఆగింది. ఎండిన పెదవులు మెల్లగా తడుపుకున్నాడు.

"కారులో నీకేం దెబ్బ తగల్లేదు కదమ్మా?"