ఇరవై ఎనిమిదో పుస్తకం

"సాగర్ గేట్లు ఎత్తిన్రు సార్. మా బాపు ఫోన్ల చూసిన. నీళ్లు పాలలెక్క దుంకుతున్నయ్."

రాకేష్ ఆ మాట అనడమే ఆలస్యం, ఏడో తరగతి మొత్తం బెంచీలెక్కింది. నార్కట్‌పల్లి పక్క ఊళ్లో పుట్టి, నాగార్జునసాగర్ గేట్లు ఒక్కసారీ చూడని పిల్లలే ఆ తరగతిలో ఎక్కువ.

లెక్కల వెంకటేష్ సార్ సుద్దముక్క పక్కన పెట్టాడు.

"సరే. ఎల్లుండి ఆదివారం బస్సు మాట్లాడుత. కానీ షరతుంది. రేపు పొద్దున గంట కొట్టేలోపల ఇరవై ఎనిమిది పుస్తకాలు నా టేబుల్ మీదుండాలె. పది లెక్కలు. ఒక్క పుస్తకం తక్కువైనా, ఒకరిది ఇంకొకరు రాసినా బస్సు లేదు."

"వచ్చే ఆదివారం పోదాం సార్" అన్నాడొకడు, ముందు జాగ్రత్తగా.

"అప్పటిదాక గేట్లు నీకోసం ఆగుతయా?"

ఇరవై ఆరు తలలు ఒక్కసారే చివరి బెంచీ వైపు తిరిగాయి. అక్కడ నిరోష తల వంచుకుని ఆకుపచ్చ పెన్ను మూత కొరుకుతోంది. ఈ నెలలో హోంవర్క్ తేనిది ఆమె ఒక్కతే. తెచ్చిన రోజూ తిట్లు తప్పలేదు. "ఆకుపచ్చ ఇంకుతోని రాస్తవు, నువ్వేమన్న కలెక్టరువా?" అని సార్ అడిగిన రోజు తరగతంతా పడీ పడీ నవ్వింది.

క్లాస్ లీడర్ నిహారిక మాత్రం తిరిగి చూడలేదు. పేర్ల లిస్టు రాసుకుంటోంది. రాయగానే అలవాటు కొద్దీ తన పేరు ఎదుట టిక్కు పెట్టుకుంది. నిహారిక హోంవర్క్ తేని రోజంటూ ఆ బడిలో లేదు మరి.

బడి వదలగానే లిస్టు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. హరితను టీవీ ముందు నుంచి లేపింది. రాకేష్‌ను క్రికెట్‌లోంచి లాక్కొచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. పొద్దు వాలేసరికి అన్ని పేర్లకూ టిక్కులు పడ్డాయి, ఒక్క పేరుకు తప్ప.

నిరోష ఊరి బయట బోడు గుట్ట మీద గొర్రెలు కాస్తోంది.

"పుస్తకం ఏదే?"

"సంచిలున్నది. బాపుకు కాలు విరిగినకాడి నుంచి గొర్లు నా మీదనే పడ్డయ్. నేను రాసుకుంట కూసుంటె అవి పుష్పమ్మ పత్తిచేన్ల పడ్తయ్. ఆమె నన్ను బతకనిస్తదా?"

"గొర్లు నేను కాస్త. నువ్వు రాయి."

"నీకొస్తదా?"

"లెక్కలొచ్చినోళ్లకు గొర్లు రావా?"

రావు. పది నిమిషాల్లోనే మూడు గొర్రెలు పత్తిచేను చేరాయి. వాటి వెనక ఉరికి ఉరికి నిహారిక ఒక చెప్పు తెంపుకుంది, గొంతు పోగొట్టుకుంది, గౌను నిండా పల్లేరు కాయలు అంటించుకుంది. అయినా ఆమెకు ఎంత ఉషారుగా ఉందో చెప్పలేం. గొర్రెల్ని అదిలిస్తున్నంతసేపూ చెవుల్లో సాగర్ నీళ్లే హోరెత్తుతున్నాయి.

బండ మీద కూర్చున్న నిరోష ముందు నిహారిక లెక్కల నోటు పుస్తకం తెరిచి ఉంది. బోర్డు మీద సార్ చేసిన మాదిరి లెక్క అందులోనే ఉంది. దాన్ని చూస్తూ నిరోష ఒక్కో లెక్కా విప్పుతోంది. ఎక్కడైనా ఆగితే అడుగుతోంది, చెప్పగానే పట్టుకుంటోంది. ఈ పిల్లకు లెక్కలు రావని ఎవరన్నారో అనుకుంది నిహారిక.

చీకటి పడే వేళకు ఆరు లెక్కలయ్యాయి.

"మిగిలినయ్ ఇంట్ల చేస్త. ఒట్టు."

"నా పుస్తకం నీ దగ్గరనే పెట్టుకో. మాదిరి లెక్క చూసుకోని చెయ్యి, పొద్దున రెండూ పట్కరా. ఎవరి పని వాళ్లు చేసుకోవాలె నిరోషా. బాధ్యత అంటె గదే."

"మరి నా గొర్లు నువ్వెందుకు కాసినవ్?"

లీడర్ వంగి గౌనుకు అంటిన పల్లేరు కాయలు ఏరుకుంది.

"మా చేన్ల కలుపు తీయనీకి కూలి తీసుకోకుంట బదులొచ్చినోళ్ల చేనుకు మా అమ్మ తెల్లారే బదులు పోతది" అంది నిరోష గొర్రెల్ని మలుపుకుంటూ. "నువ్వు నాకు బదులొచ్చినవ్. నేనూ వస్త."

"మాకు గొర్లు లేవులే" అని నవ్వి, తెగిన చెప్పు చేత పట్టుకుని నిహారిక ఇంటికి ఉరికింది. సాగర్ ముచ్చట్లతో వాళ్లమ్మ రమ చెవులు చిల్లులు చేసి, అన్నం కంచం ముందే నిద్రపోయింది.

తెల్లారి టేబుల్ మీద ఇరవై ఆరు పుస్తకాలున్నాయి. అటెండర్ మారయ్య గంట దగ్గర నిలబడ్డాడు. నిహారిక గేటు పట్టుకుని రోడ్డు వైపే చూస్తోంది.

"మారయ్య తాతా, ఒక్క నిమిషం ఆగవా?"

"టైమయింది బిడ్డా."

మలుపు దగ్గర దుమ్ము లేచింది. నిరోష ఉరికి వస్తోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చేతిలో రెండు పుస్తకాలున్నాయి.

"అన్నీ అయినయ్" అంది రొప్పుతూ.

నిహారిక ఆ రెండూ లాక్కుని తరగతిలోకి పరుగెత్తి, దొంతర మీద పెట్టింది. గంట మోగింది.

సార్ వచ్చి లెక్కపెట్టాడు. ఇరవై ఆరు దగ్గర తరగతి ఊపిరి బిగపట్టింది.

"ఇరవై ఏడు... ఇరవై ఎనిమిది."

బెంచీలు, కిటికీలు, రేకులు అన్నీ మోగిపోయాయి. రాకేష్ సంచి పైకి ఎగరేశాడు. హరిత నిరోషను పట్టుకుని గిరగిరా తిప్పింది. నిహారికకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఇంత సంతోషం ఆమెకు ఫస్టు వచ్చినప్పుడు కూడా కలగలేదు.

"శభాష్" అన్నాడు సార్. "లీడర్, నీ పుస్తకం తీస్కోని మొదటి లెక్క బోర్డు మీద చెయ్యి. మిగతావాళ్లు సరిచూసుకుంటరు."

నిహారిక దర్జాగా ముందుకొచ్చింది. అన్నిటికంటే పైనున్నది తన పేరున్న పుస్తకమే. చివరి బెంచీలోంచి నిరోష ఆమెను చూసి నవ్వింది. నిహారిక కూడా నవ్వి, పుస్తకం తెరిచింది.

తను చేయడమే మరిచిన పది లెక్కలూ ఆకుపచ్చ ఇంకులో ఉన్నాయి.